పసుపు శాలువా వణికిన చోట

"ఏదీ, నాలుక చాపు."

రోజూ సాయంత్రం గుమ్మంలో అత్తగారు అనే మొదటి మాట అదే. ఆర్మాందీన్ పని నుంచి పరుగులాంటి నడకతో వచ్చి, ఇరుకు మెట్లెక్కి, ఆయాసపడుతూ తలుపు తోస్తుంది. చంటిపిల్ల ఒదెట్ ఏడుపు మెట్ల దగ్గరికే వినిపిస్తూ ఉంటుంది. ఆ ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి రవికె తడిసిపోతుంది. అయినా ముందు దీపం దగ్గరికి వెళ్ళి నాలుక చాపాలి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, సంతలో గొర్రె పళ్ళు చూసినట్టు చూసి, "ఊఁ, ఇవాళ ఫరవాలేదు" అంటేనే పిల్లని అందుకోవాలి. అనకపోతే ఉప్పునీళ్ళతో పుక్కిలించి మళ్ళీ రావాలి. ఈలోగా పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతుంది.

మొదట్లో దానికో కారణం ఉండేది. వాన్సెన్‌లో సినిమా ఫిల్ములకి రంగులు వేసే కర్మాగారంలో ఆర్మాందీన్‌ది ఆకుపచ్చ. అక్కడ ఆడవాళ్ళు వరసగా బల్లల ముందు కూర్చుని, భూతద్దం కింద, గోరంత బొమ్మలకి ఒకదాని తరవాత ఒకటిగా రంగు అద్దుతారు. ఒక్కొక్కరికి ఒక్కటే రంగు. ఎరుపు మనిషి ఎరుపు వేసి జరిపితే నీలం మనిషి అందుకుంటుంది, ఆ తరవాత ఆకుపచ్చ. కొన్నాళ్ళకి అసలు పేర్లు మరుగున పడిపోయి, "ఏయ్ ఆకుపచ్చా, కాస్త జరుగు", "నీలానికి దగ్గొచ్చింది, కిటికీ తీయండర్రా" అని పిలుచుకునేవాళ్ళు. కుంచె మొన కుదరాలంటే పెదవుల మధ్య పెట్టి తిప్పడం తప్ప దారి లేదు. సాయంత్రానికి ఎవరి నాలుక మీద వాళ్ళ రంగు. "నాకేం దిగులు? నాది ఎరుపు" అనేది జెలీ. "మా ఆయన మూతికి అంటుకున్నా ముద్దు అనుకుంటారు. నీ మొగుణ్ణి చూస్తే మాత్రం గడ్డి మేసొచ్చాడనుకుంటారు." గదంతా నవ్వేది. ఆర్మాందీన్ కూడా నవ్వేది. నవ్వుతూనే ఆ పచ్చదనం గొంతులోకి, గొంతులోంచి పాలల్లోకి దిగుతోందేమోనని భయపడేది. పిల్ల గుడ్డలు ఉతికేటప్పుడు పచ్చగా కనిపిస్తే చాలు, గుండె జారిపోయేది. పసిపిల్లలకి అది మామూలేనని పక్కింటావిడ ఎంత చెప్పినా ఆ గుడ్డని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేది. అందుకే నాలుక చాపమన్నప్పుడు అవమానంగా అనిపించినా చాపింది. పిల్ల కోసం కదా అనుకుంది.

ఆ తరవాత ఆమెని కోత గదికి మార్చారు. అక్కడ రంగు లేదు, కుంచె లేదు, నోట్లో పెట్టుకోవడానికేమీ లేదు. ఆ సంగతి ఇంటికి రాగానే సంబరంగా చెప్పింది. అత్తగారు అంతా విని, తల ఊపి, "మంచిదే. ఏదీ, నాలుక చాపు" అంది.

ఆ పూట కూడా చాపింది. పిల్లకి పాలు పడుతూ ఆలోచిస్తే, ఆవిడ ఇన్నాళ్ళూ చూసింది రంగుని కాదని అర్థమైంది.

కోత గది పని గురించి ఆర్మాందీన్ ఇంట్లో రెండుసార్లు చెప్పబోయింది. రెండుసార్లూ భర్త ఫిర్మిన్ మధ్యలోనే రొట్టె అడిగాడు. అతను బెర్సీ ద్రాక్షసారా గోదాముల్లో పీపాలు బిగించే పనివాడు. చేతులు కాయలు కాసి ఉంటాయి. చెమట పట్టకపోతే అది పని కాదని అతని లెక్క. "రోజంతా కుర్చీలో కూర్చుని బొమ్మలు చూసొచ్చే దానికి అలుపేమిటి?" అనేవాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాటకి జవాబు చెప్పడం ఆమెకి చాతకాదు. చెప్తే, సరదాకి అంటే ఏడుపు మొహం పెడతావేమిటంటాడు. ఆ మాట అనేటప్పటికి ఆమె పొయ్యి ముందు నిలబడి ఉంటుంది. అతనికి సూపు పోసి, అత్తగారికి పోసి, పిల్ల గుడ్డలు నానేసి, పిల్లని పడుకోబెట్టి, చివరికి తన గిన్నె దగ్గరికి వచ్చేసరికి సూపు మీద కొవ్వు తెల్లగా పేరుకుని ఉంటుంది. దాన్ని చెంచాతో పక్కకి తోసి తినడం ఎంత అలవాటైపోయిందంటే, వేడి సూపు రుచి ఎలా ఉంటుందో పెళ్ళికి ముందు సంగతిలా తోచేది.

కోత గదిలో జరిగేదిది. ఫిల్ము మీది గోరంత బొమ్మ ఆమె ముందున్న గరుకు గాజు మీద తువ్వాలంత పెద్దదిగా పడుతుంది. తన రంగు ఎక్కడ పడాలో అక్కడ అంచు వెంబడి చేతిలోని పుల్లని నడిపించాలి. పుల్లకి తగిలించిన ఇనప చెయ్యి ఆ నడకనంతా చిన్నది చేసి, కుట్టుమిషనులా టకటకలాడే ఒక సూదికి అందిస్తుంది. ఆ సూది ఇంకో ఫిల్ము మీద అదే ఆకారంలో కంత కోస్తుంది. ఒక బొమ్మ అయ్యాక ఇంకొకటి, మనిషి వేలెడు కదిలితే కంత వెంట్రుకంత కదలాలి. తరవాత ఆ కంతల మీదుగానే యంత్రం ప్రతులన్నిటికీ రంగు రుద్దుతుంది. కుంచెతో తప్పు చేస్తే ఒక్క ప్రతే పాడవుతుంది. ఇక్కడ తప్పు కోస్తే అది ప్రతి ప్రతిలోనూ అచ్చవుతుంది. చెయ్యి వణికిందా, తెర మీద ఆ రంగు ఉడుకుతున్న పాలలా కుతకుతలాడుతుంది.

చిన్నప్పుడు తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి బడి మాన్పించారు కాబట్టి ఆర్మాందీన్‌కి రాత కుదరలేదు. ఈ పుల్ల మాత్రం మొదటి రోజే కుదిరింది. గదికి పెద్ద అయిన మదాం కోర్బో వెనకాల నిలబడి చాలాసేపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టేనని జెలీ చెప్పింది. వేసవి చివరి సంబరాలకి విడుదల కావలసిన ఒక ఫిల్ములో పసుపు మొత్తం ఆమెకే అప్పగించారు. బాతులు కాసుకునే పిల్ల ఒకతి పసుపు శాలువా కప్పుకుని వంతెన దాటుతుంది. గాలికి శాలువా ఎగిరి, నది మీద తనంతట తాను నాట్యం చేస్తుంది. ఇది బాగా వస్తే కోత గదిలో ఆమె కుర్చీ ఖాయం.

ఆ ఫిల్ము మొదలుపెట్టిన వారంలోనే ఒక సాయంత్రం ఫిర్మిన్ బల్ల దగ్గర ఆ మాట తెచ్చాడు.

"అమ్మకి ఇంక ఓపిక లేదే. వేసవి చివర్లో మోర్వాన్ నుంచి ఆవిడ వస్తుంది, పల్లెల్లో పెంచడానికి పిల్లల్ని రైల్లో తీసుకెళ్ళే ఆవిడ. ఒదెట్‌ని పంపేద్దాం. అక్కడ మా పిన్ని కూతురుంది. ఆవు పాలు, మంచి గాలి."

"పంపద్దు" అంది ఆర్మాందీన్.

"అయితే పని మానెయ్యి."

"అదీ వద్దు."

"అదీ వద్దు, ఇదీ వద్దు అంటే ఎలా? రెండిట్లో ఏదో నువ్వే తేల్చుకో. చూశావా, నేను బలవంతం చెయ్యట్లేదు."

"బంగారంలాంటి మాటన్నాడు" అంది అత్తగారు, రొట్టె తుంచుతూ. "ఇంకొకడైతే అడిగేవాడా?"

ఆర్మాందీన్ తన చెల్లెలి సంగతి చెప్పింది. తన తరవాత పుట్టిన పిల్లని అమ్మ అలాగే పల్లెకి పంపితే, ఏడాది తిరక్కుండా తిరిగొచ్చింది ఒక ఉన్ని టోపీ. అది వాళ్ళమ్మ పెట్టెలో అడుగున ఉండేది, ఎవరూ తీసేవాళ్ళు కాదు. అది చెప్తుంటే గొంతు లేచింది. ఎప్పుడూ లేవని గొంతు. ఫిర్మిన్ పిడికిలి బిగించి బల్ల మీద గుద్దాడు. గిన్నెలెగిరాయి. పక్క గదిలో ఒదెట్ ఉలిక్కిపడి కెవ్వుమంది.

"నా ఇంట్లో అరుపులొద్దు!" అని అరిచాడు.

అతను ఆమెని కొట్టలేదు, ఎప్పుడూ కొట్టలేదు. అత్తగారు ఆ మాట ఇరుగు పొరుగు ముందు తరచూ చెప్పేది, కొట్టకపోవడం కొడుక్కి ఎవరో ఇచ్చిన పతకమైనట్టు. ఆర్మాందీన్ కూడా అలాగే అనుకుంటూ వచ్చింది. మరి కొట్టని మనిషి ముందు తన ఒళ్ళు ఎందుకు దగ్గరికి ముడుచుకుపోయిందో, రాత్రంతా పిల్ల పక్కన ఎందుకు మేలుకుందో ఆమెకి బోధపడలేదు. మర్నాడు గాజు ముందు కూర్చుంటే బాతుల పిల్ల వంతెన మీద నడుస్తోంది. అంచు వెంబడి పుల్లని తోస్తూ ఉంటే మనసంతా ఇంటి దగ్గర. పిల్ల ఏడుస్తోందేమో. ఆవిడ ఎత్తుకుందో లేదో. ఇవాళే ఎవరికైనా కబురు పెడుతున్నారేమో. ఒక్కో బొమ్మ మారినప్పుడల్లా గిన్నెలెగిరిన చప్పుడు చెవిలో మోగేది. చెయ్యి వణికింది. వణుకుతున్నట్టు ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆపడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఆ తరవాత కొద్ది రోజులకి అత్తగారి వదిన ఒకావిడ పోయింది. అంత్యక్రియలకి అత్తగారు పొద్దున్నే వెళ్ళిపోవడంతో పిల్లని చూసే దిక్కు లేక, ఆర్మాందీన్ ఒదెట్‌ని గుడ్డల బుట్టలో పెట్టుకుని పనికి పోయింది. గేటు లోపలికి పిల్లలు రాకూడదు. ఆ ఫిల్ము నిప్పురవ్వ తగిలితే గడ్డివాములా అంటుకుంటుంది, అందుకని అన్నిటికీ కట్టుదిట్టం. గేటు పక్క గదిలో ఉండే కాపలామనిషి ఉర్సుల్ బుట్టలోకి తొంగి చూసి, "ఇది పిల్లా, రొట్టెముద్దా? ఇలా ఇచ్చి నడు. మా పిల్లి కూడా దీనికంటే ఎక్కువ అల్లరి చేస్తుంది" అంది. భోజనం గంట కొట్టగానే ఆర్మాందీన్ ముంగిలి దాటి వెళ్ళి పాలిచ్చింది. ఎవరూ నాలుక చాపమనలేదు. ఉర్సుల్ కుట్టుపని చేసుకుంటూ పిల్లి కబుర్లు చెప్పింది. మధ్యాహ్నం కిటికీలోంచి ఒకసారి పిల్ల గొంతు వినిపించింది, వెంటనే ఉర్సుల్ పాట వినిపించింది. ఆ రోజు గాజు మీద శాలువా నది పైన ఎగిరింది. మడతలు, అంచుల కుచ్చులు, సుళ్ళు తిరగడం అన్నీ కొయ్యాలి. ఫిల్ము మొత్తంలో కష్టమైన ముక్క అదే. చీకటి పడి గంట కొట్టినప్పుడుగానీ తను అంతసేపు కూర్చున్నట్టు ఆమెకి తెలియలేదు.

వేసవి చివర్లో వాన్సెన్‌లో ఒక ఆదివారం సంబరం వచ్చింది. మర్నాడు సోమవారం మోర్వాన్ ఆవిడ వస్తుంది. ఆర్మాందీన్ రెండిట్లో ఏదీ ఇంకా తేల్చి చెప్పలేదు కాబట్టి, చెప్పనిదంతా ఒప్పుకున్నట్టే లెక్కేసి అత్తగారు పిల్ల గుడ్డలు మూట కట్టేసింది. ఆ ఆదివారం మధ్యాహ్నం, "నీ బొమ్మలేవో చూద్దాం పద" అని ఫిర్మిన్ అందర్నీ సినిమా డేరాకి తీసుకెళ్ళాడు. మంచి హుషారులో ఉన్నాడు. వేయించిన పిండి వంటలు కొన్నాడు. ఒదెట్ ఆర్మాందీన్ ఒళ్ళో కూర్చుని పంచదార అంటిన తన వేళ్ళు చీకుతోంది.

బాతుల పిల్ల వంతెన ఎక్కింది. పసుపు శాలువా భుజాల మీద నిలవలేదు. అంచులు కుతకుతలాడాయి. రంగు కాసేపు మెడ మీదికి పొంగింది, కాసేపు చేతుల్లోంచి జారింది. జనం నవ్వారు.

"శాలువాలో ఎలకలు దూరాయిరోయ్!" అన్నాడు వెనక వరసలో ఎవడో.

ఫిర్మిన్ పగలబడి నవ్వాడు. "ఎవత్తె చేసిందే ఈ ముక్క? తాగొచ్చిందా ఏం?"

ఆర్మాందీన్ పిల్లని గట్టిగా పట్టుకుంది. ఇంతలో గాలి వీచింది. శాలువా భుజాల మీంచి లేచి నది మీదికి ఎగిరింది, మడత విప్పింది, సుడి తిరిగింది, నీళ్ళని ముట్టుకున్నట్టే ముట్టుకుని పైకి తేలింది. అంచు ఒక్క వెంట్రుకంత కూడా చెదరలేదు. డేరాలో నవ్వు ఆగింది. అందరూ ఒక్కసారే ఊపిరి పీల్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. పక్కన అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకుని, "అమ్మ నాయనోయ్, ఎంత బాగుందీ!" అంది, తనకి తెలియకుండానే.

ఆ రెండు ముక్కలూ ఒకే చేతివి. ఆర్మాందీన్ చీకట్లో తన చేతుల కేసి చూసుకుంది. ఇన్నాళ్ళూ వాటిని భయస్థురాలి చేతులనుకుంది. తనకి ధైర్యం లేదనీ, తల్లి అయ్యాక ఇంక దేనికీ పనికిరాననీ అనుకుంది. ఎవరో పదే పదే చెప్పిన మాటని తన మాటే అన్నట్టు నమ్మింది. తెర మీద రెండు రోజులు పక్కపక్కన కనిపిస్తున్నాయి. ఒక రోజు పిల్ల కనుచూపులో లేదు. ఇంకో రోజు కేకేస్తే అందేంత దూరంలో ఉంది. ఆ మనిషే, ఆ కుర్చీయే, ఆ సూదే. తేడా అంతా పిల్ల ఉన్న చోటులో ఉంది. ఇంట్లో వాళ్ళు రెండిట్లో ఒకటి తేల్చుకోమన్నారు. పిల్లా, పనీ విడదీస్తే వణికేవి, కలిపి ఉంచితే నిలిచేవి.

ఇంటికి నడుస్తూ ఉండగా ఫిర్మిన్ ఇంకా ఆ నవ్వులోనే ఉన్నాడు. "ఆ ఎలకల శాలువా మాత్రం భలే ఉందే. ఎవరిదది, మీ జెలీదా?"

"నాది."

అతను ఆగాడు.

"నువ్వు బల్ల మీద గుద్దావు చూడు, దాని మర్నాడు కోసిన ముక్క" అంది ఆర్మాందీన్. గొంతు లేవలేదు. దారి చెప్తున్నట్టు చెప్పింది. "ప్రతులన్నీ దాని మీదే రంగేశారు. నీ గుద్దు ఇప్పుడు ఊరూరా తిరుగుతోంది, ఫిర్మిన్. లియోన్‌లో చూస్తారు, మార్సేలో చూస్తారు. ఏమిటో తెలియకుండానే నవ్వుతారు."

"ఇదేం విడ్డూరం" అంది అత్తగారు. "మగాడన్నాక బల్ల గుద్దడా?"

"గుద్దుతాడు అత్తయ్యా. కనిపిస్తుందని తెలిసుండదు."

ఇంటిదాకా ఫిర్మిన్ బూట్ల చప్పుడు కొంచెం మెల్లబడింది.

సోమవారం పొద్దున్న ఆర్మాందీన్ అత్తగారు కట్టిన మూట విప్పి, ఆ గుడ్డలన్నీ బుట్టలో సర్ది, వాటి మీద ఒదెట్‌ని పడుకోబెట్టింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"పనికి. ఇద్దరం."

"మరి మోర్వాన్ ఆవిడ వస్తే?"

"పిల్ల ఊళ్ళోనే ఉందని చెప్పండి. కాఫీ కూడా ఇవ్వండి, పాపం దూరం నుంచి వస్తోంది."

ఫిర్మిన్ టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "రెండిట్లో ఒకటన్నాను కదా."

"అన్నావు. నేను మూడోది తేల్చుకున్నాను. మా గేటు దగ్గర పిల్లని చూసే ఉర్సుల్‌కి ఇవ్వాల్సింది నా జీతంలోంచి ముందు తీసి, మిగిలింది అత్తయ్య చేతికిస్తాను."

కర్మాగారం గేటు దగ్గర ఉర్సుల్ బుట్ట అందుకుంది. "వచ్చావా రొట్టెముద్దా? పిల్లి నిన్నడిగింది" అంది. ఆర్మాందీన్ తిన్నగా మదాం కోర్బో దగ్గరికి నడిచింది. ఆవిడ ఒక ఫిల్ము ముక్కని వెలుతురుకెత్తి చూస్తోంది.

"వంతెన ముక్క చూశాను" అంది ఆవిడ తల తిప్పకుండా. "తిరిగి కోయించడానికి వ్యవధి లేక వదిలాను. నిన్ను పిలిపిద్దామనే ఉన్నాను."

"అది నా తప్పే, మదాం. నది ముక్క కూడా నాదే. ఆ రోజు నా పిల్ల ఉర్సుల్ దగ్గరుంది. మీకు వణకని చెయ్యి కావాలి. నా చెయ్యి వణకకుండా ఉండాలంటే పిల్ల రోజూ అక్కడుండాలి. భోజనం వేళ వెళ్ళి పాలిచ్చి వస్తాను. అంతకంటే నేనేమీ అడగను."

మదాం కోర్బో ఫిల్ము ముక్క దించింది.

"గేటు లోపలికి పిల్లలు రాకూడదు."

"తెలుసు."

"ఉర్సుల్ గది గేటుకి లోపలుందో బయటుందో నేనెప్పుడూ చూళ్ళేదు." ఆవిడ కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడిచింది. "నా పిల్లని నేను పల్లెకి పంపించాను" అంది, ఇంకేదో మాటలా. తరవాత వెంటనే, "నిలబడ్డావేం? కొత్త ఫిల్ము వచ్చింది, నీలం నీది. సముద్రం. ఒక్క చోట కదిలినా ఊరుకోను" అంది.

సాయంత్రం ఆర్మాందీన్ మెట్లెక్కుతుంటే పైనుంచి ఏడుపు వినిపించలేదు. పిల్ల బుట్టలో, కడుపు నిండి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. గుమ్మంలో అత్తగారు దీపం పట్టుకుని అలవాటుగా నిలబడి ఉంది. నోరు తెరిచింది, బుట్టలోకి చూసింది, ఆ మాట ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయింది.

"కాస్త పక్కకి జరగండి అత్తయ్యా, బుట్ట తగుల్తుంది" అంది ఆర్మాందీన్.

ఆవిడ జరిగింది.

భోజనం దగ్గర ఫిర్మిన్ చాలాసేపు రొట్టె ముక్కని వేళ్ళతో నలిపాడు. చివరికి, సూపు పోస్తున్న ఆమె కేసి చూడకుండా, "ఆ వంతెన ముక్క..." అన్నాడు. "కత్తిరించి తీసెయ్యలేరా?"

"లేరు. ప్రతులన్నీ వెళ్ళిపోయాయి."

"ఎన్నాళ్ళు ఆడుతుంది?"

"ఫిల్ము అరిగిపోయేదాకా."

అతని మొహం ఎర్రబడింది. బల్ల మీదున్న చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంత పెద్ద చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది.

"తరవాతి దాన్లో ఉండదులే" అంది ఆర్మాందీన్. బుట్టలో కదులుతున్న ఒదెట్‌ని ఎత్తి, ఆ ఒళ్ళోనే కూర్చోబెట్టింది. "పట్టుకో. తల జాగ్రత్త."

తరవాత తన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆవిర్లు పోతున్న గిన్నె ముందుకి జరుపుకుంది. మొదటి చెంచాకే నాలుక కాలింది. ఊదుకుని, రెండో చెంచా తీసుకుంది.